కనిష్క విమానం: శవం దొరకని ఇళ్లలో దుఃఖం

ఈ ఎపిసోడ్‌లో 1985 జూన్ 23 గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు.

ఎయిర్ ఇండియా 182, పేరు కనిష్క. టొరంటో, మాంట్రియల్‌లో జనాన్ని ఎక్కించుకుని లండన్ మీదుగా ఢిల్లీ రావాలి. ఐర్లాండ్ తీరానికి దగ్గర్లో, 31 వేల అడుగుల ఎత్తులో, లగేజీలో పెట్టిన బాంబు పేలింది. వాంకూవర్‌లో ఒకడు సూట్‌కేసు చెక్-ఇన్ చేసి, తను మాత్రం ఫ్లైట్ ఎక్కలేదు. ఇది ఖలిస్తానీ ఉగ్రవాదుల పని. మొత్తం 329 మంది పోయారు. అందులో 80 మందికి పైగా చిన్నపిల్లలు. ఎందుకంటే అవి స్కూలు సెలవులు. తల్లులు పిల్లల్ని తీసుకుని అమ్మమ్మల ఊళ్లకు బయల్దేరారు. ఉద్యోగాల వల్ల వెనకే ఉండిపోయిన తండ్రులు ఒక్కరే మిగిలారు.

ఇక్కడ ఒక నంబర్ గుర్తుపెట్టుకోండి. సముద్రంలోంచి దొరికిన శవాలు 131 మాత్రమే. బంధువులు ఐర్లాండ్‌లోని కార్క్ నగరానికి వెళ్లి, ఆస్పత్రిలో ఫోటోలు చూసి తమవాళ్లను గుర్తుపట్టాల్సి వచ్చింది. మిగతావాళ్లకు ఆ ఫోటో కూడా లేదు.

పౌలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు వియత్నాం యుద్ధంలో కనిపించకుండాపోయిన పైలట్ల కుటుంబాలను స్టడీ చేశారు. మనిషి పోయాడని బుద్ధికి తెలుసు, కానీ కళ్లు చూడలేదు, అందుకే మనసు ఒప్పుకోదు. ఆ దుఃఖం ముందుకూ పోదు, వెనక్కీ పోదు, ఉన్నచోటే గడ్డకట్టుకుపోతుంది అంటారామె. మన పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసేమో! శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే ఆచారం మనకుంది కదా. భారతి ముఖర్జీ ఈ ఘటన మీద రాసిన కథలో కూడా, నా కొడుకులకు ఈత బాగా వచ్చు కదా అని ఒక తల్లి ఆశ వదులుకోదు.

దీని మీద ఇంకో దెబ్బ. పోయినవాళ్లలో ఎక్కువమంది కెనడా పౌరులు. అయినా కెనడా ప్రధాని మల్రోనీ ఫోన్ చేసి సంతాపం చెప్పింది రాజీవ్ గాంధీకి! అంటే, మీరు మావాళ్లు కాదు అని ఆ కుటుంబాలకు చెప్పినట్టే కదా. గూఢచారి సంస్థ రికార్డు చేసిన టేపులు చెరిపేశారు. 2005లో ఇద్దరు ముఖ్య నిందితుల్ని కోర్టు వదిలేసింది. శిక్ష పడింది ఒక్కడికే. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో, పాతికేళ్లకి. కేసు తేలకపోతే ఇంట్లో ఏడుపు కూడా తేలదండీ.

ఇప్పుడు మన కాకినాడకు వద్దాం. సంకురాత్రి చంద్రశేఖర్ గారు ఒట్టావాలో శాస్త్రవేత్త. ఆ విమానంలో భార్య మంజరి, కొడుకు శ్రీకిరణ్, కూతురు శారద, ముగ్గురూ పోయారు. కొన్నాళ్లకు ఉద్యోగం వదిలేసి ఇక్కడికి వచ్చేశారు. కూతురి పేరు మీద పల్లెటూరి పిల్లలకు శారదా విద్యాలయం, కొడుకు పేరు మీద శ్రీకిరణ్ కంటి ఆస్పత్రి పెట్టారు. 2023లో పద్మశ్రీ వచ్చింది. దీన్ని మోటివేషన్ రీల్‌లా చూడటం నాకు నచ్చదు. ఆ బోర్డుల మీద ఉన్నవి రోజూ నోటితో పిలవాలనిపించే పేర్లు. అందరూ ఆయనలా చేయలేదు, చేయాలని అడిగే హక్కు కూడా మనకు లేదు.

ఐర్లాండ్‌లో అహకిస్టా అనే చిన్న ఊరుంది. అక్కడ ఏడాది తిరిగేసరికల్లా, 1986లోనే, సముద్రం ఒడ్డున స్మారకం వెలిసింది. టొరంటోలో స్మారకం వచ్చింది 2007లో. ఇప్పటికీ ప్రతి జూన్ 23న కుటుంబాలు అహకిస్టాకు వస్తాయి, పొద్దున ఆ నీళ్లకేసి చూస్తూ మౌనంగా నిలబడతాయి.