నలభై సెకన్ల తర్వాత

జనగామ స్టేషన్ రోడ్డు వెనక సందులో రెండో అంతస్తు గది. చాప మీద ముగ్గురు, మధ్యలో ఒకటే ల్యాప్‌టాప్. గది జనగామ అబ్బాయిది. మానుకోట అబ్బాయి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ దిగి వచ్చాడు. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి మూడో అతను పరకాల మీదుగా హనుమకొండ చేరి, అక్కడ బస్సు మారాడు. వాళ్ల నాన్నది సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో డ్యూటీ. ముగ్గురూ సిస్కో నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏకి కూర్చోబోతున్నారు. మీరూ ఆ చాప మీదే ఓ అంచున సర్దుకోండి.

తెర మీద నెట్‌వర్క్‌ను అనుకరించే ప్యాకెట్ ట్రేసర్. సిస్కో ఉచితంగానే ఇస్తుంది. వేల రూపాయల రౌటర్లు కొనే పని లేదు. మూడు రౌటర్లు పెట్టి మూడు ఊళ్ల పేర్లు రాశారు. నడుమ జనగామ, చెరో పక్కన భూపాలపల్లి, మానుకోట. ఒక్కో లింకుకు /30 ఇచ్చారు: నాలుగు అడ్రస్‌లు, వాడుకునేవి రెండే, రెండు చివరలకూ సరిపోతాయి. ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ ప్రోటోకాల్ నడుస్తోంది. దారులన్నీ రౌటర్లే తెలుసుకున్నాయి.

ఇక సెక్యూరిటీ. పరీక్షలో దాని వాటా 15 శాతం. భూపాలపల్లి ఆఫీసు వాళ్లకు మానుకోట సర్వర్‌లో వెబ్ పేజీ ఒక్కటే తెరుచుకోవాలి, ఇంకేదీ పోకూడదు. జనగామ రౌటర్‌లో యాక్సెస్ లిస్ట్ రాసి, భూపాలపల్లి వైపు ఇంటర్‌ఫేస్‌కు లోపలికి వచ్చే దిశలో తగిలించారు. పేజీ తెరుచుకుంది. పింగ్ ఆగిపోయింది. అనుకున్నట్టే.

"అయిపాయె! ఛాయ్ తాగొద్దాం పాండ్రి."

లేవబోతుండగా మానుకోట అబ్బాయి మళ్లీ రిఫ్రెష్ కొట్టాడు. పేజీ రాలేదు.

"ఇప్పటిదాక వచ్చె గదరా!"

"ఆగు. నైబర్లను చూడు."

జనగామ పట్టికలో మానుకోట ఉంది. భూపాలపల్లి లేదు.

కేబుల్ చూశారు, మాస్క్ చూశారు, అన్నీ బాగున్నాయి. యాక్సెస్ లిస్ట్‌ను తెరమీదికి తెచ్చారు. ఒకటే వరుస, అదీ సరిగ్గానే ఉంది. భూపాలపల్లి అబ్బాయి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "కింద ఇంకో వరుస ఉంటది, మనకు కనబడది" అన్నాడు.

పట్టేశాడు. అనుమతి రాయని ప్రతిదాన్నీ కొట్టేసే వరుస ప్రతి లిస్టు అడుగునా ఉంటుంది, రాయకపోయినా. ఓఎస్‌పీఎఫ్ కోసం రౌటర్లు పది సెకన్లకోసారి పంపుకునే హలోలనూ అదే మింగేసింది. నలభై సెకన్లు హలో అందకపోతే పక్క రౌటర్ చచ్చిందని లెక్క, దానివైపు దారులూ పోతాయి. అందుకే పేజీ ముందు వచ్చింది, తర్వాత పోయింది.

ఓఎస్‌పీఎఫ్‌ను అనుమతిస్తూ ఒక వరుస కలిపారు. కళ్లన్నీ తెర మీదే. నైబర్ స్థితి ఫుల్ అని పడగానే మానుకోట అబ్బాయి చాప మీద చరిచాడు.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ కోసం తిరిగిన పిల్లలెవరినడిగినా డంప్‌ల సంగతి చెబుతారు, జవాబులతో సహా ప్రశ్నల కట్టలు. అవి వాడి దొరికిపోతే సర్టిఫికెట్ రద్దయ్యే ప్రమాదం ఎలాగూ ఉంది. నా బాధ వేరే. ఈ నలభై సెకన్లు ఏ కట్టలోనూ దొరకవు. 120 నిమిషాల ఆ పరీక్షలో దాటిన ప్రశ్నకు వెనక్కి పోనివ్వరు. ఉద్యోగంలో ఆగిపోయిన బ్రాంచి లింకుకైతే ఆప్షన్లే ఉండవు.

జనగామ అబ్బాయి ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నాడు.

"మీరిద్దరు బయటికి పోండ్రి. నేనొకటి చెడగొడ్త. వచ్చి పట్టుకోండ్రి."