రాణి పుస్తకానికి హార్లీ పేరు

మా అమ్మమ్మ పాటల నోటుపుస్తకం మొదటి పేజీలో తాతయ్య పేరుంది. లోపలంతా అమ్మమ్మ రాతే. మంగళహారతులు, పెళ్లిపాటలు, అప్పగింతల పాటలు, మధ్యలో ఎక్కడో పాల లెక్క. పుస్తకం కొన్నది తాతయ్య కాబట్టి పేరు ఆయనది. అమ్మమ్మ పోయాక ఇంటితోపాటు అదీ మామయ్యకు వెళ్లింది. అమ్మ అడిగితే జిరాక్స్ తీయించి ఇచ్చాడు. "అసలుది ఇక్కడే ఉండనీ అక్కా, ఇంటి వస్తువు కదా" అన్నాడు. అమ్మ మారు మాట్లాడలేదు. నేనప్పుడు పిహెచ్.డి. చేస్తున్నాను, ఎక్కడో యూరప్‌లో ఆరువందల ఏళ్ల కిందటి పుస్తకం ఎవరెవరి చేతులు మారిందో చదువుకుంటూ. ఇంట్లో పుస్తకం చేయి మారుతుంటే మాత్రం చూస్తూ ఊరుకున్నాను.

నేను చదువుతున్న పుస్తకం బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న రాతప్రతి, సంఖ్య హార్లీ 4431. చర్మపత్రాల మీద చేత్తో రాసి, బంగారంతో, రంగుల బొమ్మలతో అలంకరించిన మధ్యయుగాల పుస్తకాల్లో ఇదొకటి. సుమారు నాలుగు వందల పత్రాలు, నూటముప్ఫై దాకా బొమ్మలు. ఇప్పుడు రెండు సంపుటాలుగా బైండు చేసి ఉంది. ఇందులోని ముప్ఫై రచనలూ క్రిస్టీన్ ద పిజాన్‌వి. ఆమె దీన్ని ఫ్రాన్స్ రాణి ఇసాబో కోసం 1410-1414 ప్రాంతాల్లో స్వయంగా పర్యవేక్షించి తయారు చేయించింది. అక్షరాలు కొంతవరకు ఆమె దస్తూరీయేనని పరిశోధకులు అంటారు. అందుకే దీన్ని 'రాణి పుస్తకం' అని కూడా పిలుస్తారు.

క్రిస్టీన్ వెనిస్‌లో పుట్టింది. తండ్రి ఫ్రెంచి రాజు ఆస్థానంలో జ్యోతిష్కుడు కావడంతో పారిస్‌లో పెరిగింది. పాతికేళ్లకే భర్త పోయాడు. ముగ్గురు పిల్లలు, తల్లి, మేనకోడలు, అందరి భారమూ ఆమె మీదే. భర్తకు రావలసిన బాకీల కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. చివరికి రాసి బతకాలని నిర్ణయించుకుంది. 1405లో స్త్రీల కోసం అక్షరాలతో ఒక నగరాన్నే కట్టింది. ఆ 'స్త్రీల నగరం' కూడా ఈ రాతప్రతిలో ఉంది. బొమ్మలు వేసే అనస్తాజ్ అనే పారిస్ చిత్రకారిణిని అందులో మెచ్చుకుంటుంది. ఈ పుస్తకంలోని బొమ్మలు చాలా వరకు వేసిన చిత్రకారుడి పేరు మాత్రం మనకు తెలియదు. క్రిస్టీన్ పుస్తకం పేరుతోనే అతన్ని 'స్త్రీల నగరం చిత్రకారుడు' అంటారు. రచయిత్రి పుస్తకం మగచిత్రకారుడికి పేరు పెట్టడం నాకెందుకో బాగా నచ్చుతుంది.

మొదటి బొమ్మ చూడాలి. రాణి అంతఃపురం, ఎర్రటి పక్క, గోడలకు రాణి పుట్టింటి బవేరియా చిహ్నాలూ ఫ్రాన్స్ చిహ్నాలూ కలిపి నేసిన నీలి తెరలు. రాణి చుట్టూ ఆమె చెలికత్తెలు, ఒక పక్క కుక్క. నీలం గౌనులో క్రిస్టీన్ మోకరిల్లి ఎర్ర అట్ట పుస్తకాన్ని అందిస్తోంది. గదిలో ఒక్క మగవాడూ లేడు. రచయితలు రాజులకు కృతులు అంకితమిస్తున్న బొమ్మలు ఆ కాలంలో కొల్లలు. రాసేదీ స్త్రీ, తీసుకునేదీ స్త్రీ అయిన బొమ్మ అరుదు.

ఇక చేతులు మారడం. 1422లో ఇసాబో భర్త చనిపోయాడు. పారిస్ అప్పుడు ఇంగ్లీషువాళ్ల అధీనంలో ఉంది. వాళ్ల ప్రతినిధి బెడ్‌ఫర్డ్ డ్యూక్ 1425లో లూవ్ర్ రాజగ్రంథాలయాన్ని మొత్తంగా కొనేశాడు. రాణి పుస్తకం కూడా ఆ దారినే ఆయనకు చేరిందని సాధారణంగా చెబుతారు. అయితే పుస్తకంలో మనకు కనబడే పేరు ఆయన భార్య జాకెట్టాది. 1433లో, దాదాపు పదిహేడేళ్ల వయసులో ఆయన్ని పెళ్లాడింది. రెండేళ్లకే ఆయన పోయాడు. రాజు అనుమతి లేకుండా మళ్లీ పెళ్లి చేసుకోకూడదన్నది షరతు. ఆమె తన భర్త కొలువులోని ఒక నైట్, రిచర్డ్ వుడ్‌విల్‌ని రహస్యంగా పెళ్లాడి వెయ్యి పౌండ్ల జరిమానా పడింది. 1469లో ఆమె మీద మంత్రగత్తె అనే ఆరోపణ వచ్చింది, మరుసటేడు రాజు మంత్రిమండలి ముందు దాన్ని కొట్టేయించుకుంది. ఇంత జీవితమూ కేటలాగులో 'బెడ్‌ఫర్డ్ ద్వారా జాకెట్టా' అన్న ఒక్క మాటలో ఇమిడిపోతుంది.

నేను ఆ సంతకం దగ్గరే ఆగిపోతాను. జాకెట్టా తన పేరు, ధ్యేయవాక్యం మొదటి పత్రం మీద రాసుకుంది. ఇంగ్లీషు న్యాయం ప్రకారం పెళ్లయిన స్త్రీ చరాస్తి భర్తదే. ఆ పరిస్థితి పూర్తిగా మారడానికి 1882 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. విధవగా ఉన్నప్పుడు రాసిందా, మళ్లీ పెళ్లయ్యాక రాసిందా అన్నది పక్కన పెడదాం. చట్టం ఏం చెప్పినా సిరాతో 'ఇది నాది' అంది.

ఆమె కొడుకు ఆంథొనీ కూడా తన ధ్యేయవాక్యం అక్కడే రాశాడు. క్రిస్టీన్ 'నీతి సూక్తుల'ను అతను ఇంగ్లీషు చేస్తే 1478లో కాక్స్‌టన్ అచ్చేశాడు. ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం వచ్చి అప్పటికి రెండేళ్లే. తల్లి పుస్తకం చూసే అనువదించి ఉంటాడని పరిశోధకుల అభిప్రాయం. అందులో క్రిస్టీన్ పేరు రచయిత్రిగానే ఉంది. ఇది చిన్న విషయం కాదు. అంతకు కొన్ని దశాబ్దాల ముందు ఆమె మరో రచనను ఇంగ్లీషు చేసిన స్టీఫెన్ స్క్రోప్, దాన్ని పారిస్ పండితులు కూర్చారనీ ఆమె కూర్పించిందనీ ముందుమాటలో రాశాడు! పుస్తకం మీద హక్కు పోవడానికి ఎవరో దాన్ని ఎత్తుకుపోనక్కర్లేదు.

తర్వాత బ్రూజ్ ప్రభువు లూయీ ద గ్రూటూజ్ చేతికి వచ్చింది. ఆయన ధ్యేయవాక్యమూ చేరింది. మళ్లీ ఇంగ్లండ్‌లో కనిపిస్తుంది, న్యూకాసిల్ డ్యూక్ హెన్రీ కావెండిష్ సంతకంతో, 1676 అని తేదీ వేసి. ఆ యేడే అతని తండ్రి పోయాడు. ఆ తండ్రి రెండో భార్య మరెవరో కాదు, 1666లో 'ది బ్లేజింగ్ వరల్డ్' రాసిన మార్గరెట్ కావెండిష్. పుస్తకం అప్పటికే ఆ ఇంట్లో ఉందని, ఆమె చదివి ఉండొచ్చని కొందరు వాదించారు. నిజమైతే బాగుండునని నాకూ ఉంది, అందుకే ఆ వాదనను కాస్త జాగ్రత్తగా చదువుతాను.

హెన్రీ కూతురి కూతురు హెన్రియెటా. పుస్తకం ఆమెకు పుట్టింటి వారసత్వం. 1713లో ఆమె ఎడ్వర్డ్ హార్లీని పెళ్లాడింది. ఆయనకు పుస్తకాల పిచ్చి. 1741లో ఆయన పోయాక అచ్చు పుస్తకాలు వ్యాపారికి అమ్ముడయ్యాయి. ఏడువేలకు పైగా ఉన్న రాతప్రతులను 1753లో హెన్రియెటా, ఆమె కూతురు మార్గరెట్ కలిసి పదివేల పౌండ్లకు దేశానికి ఇచ్చారు. కొత్తగా ఏర్పడుతున్న బ్రిటిష్ మ్యూజియానికి అదొక పునాది. తల్లీకూతుళ్లు పెట్టిన షరతు ఒకటుంది. సంగ్రహాన్ని విడదీయకూడదు, దాన్ని హార్లీ సంగ్రహం అని పిలవాలి.

అలా క్రిస్టీన్ రాసి, ఇసాబో అందుకుని, జాకెట్టా సంతకం చేసి, హెన్రియెటా పుట్టింటి నుంచి తెచ్చిన పుస్తకం హార్లీ 4431 అయింది. మగవాళ్లు చెరిపేశారని రాయడం నాకు సులువు. కానీ ఆ పేరు పెట్టమన్నది ఆ ఇద్దరు స్త్రీలే. భర్త మీద ప్రేమా, తండ్రి మీద గౌరవమా, అన్నీ చెదిరిపోకుండా ఒకచోట ఉంచాలన్న తెలివా? అవి విడిపోకుండా మిగిలింది ఆ షరతు వల్లే మరి. మా అమ్మ మామయ్యతో వాదించకపోవడం గురించి కూడా నాకు ఇదే ఇబ్బంది.

2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ రాతప్రతుల చిత్రాలు ఇంటర్నెట్‌లో కనబడకుండా పోయాయి. నేను దాచుకున్న నాలుగైదు పేజీలతోనే చాలా కాలం పని నడిపాను. ఆ మధ్యలోనే ఒకసారి మామయ్య ఇంటికి వెళ్లి అసలు నోటుపుస్తకం అడిగి చూశాను. చివరి అట్ట లోపలి వైపు అమ్మమ్మ తన పేరు రాసుకుంది, పుట్టింటి ఇంటిపేరుతో సహా. పెన్సిల్‌తో రాసింది కాబట్టి జిరాక్స్‌లో రాలేదు.