ఉద్యోగి చదువుకు ప్రభుత్వ సహాయం: అధ్యయన సెలవు నిబంధనల్లో సాహిత్యం స్థానం

వ్యాససంగ్రహం: ఉద్యోగంలో ఉంటూ స్నాతకోత్తర విద్య అభ్యసించేవారికి ప్రభుత్వం వేతనంతో కూడిన అధ్యయన సెలవు ఇస్తుంది. ఈ సహాయం ఏ చదువులకు అందింది, సాహిత్యం దీని పరిధికి ఎలా వెలుపల నిలిచింది అనే అంశాన్ని ఈ వ్యాసం నిబంధనల ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: అధ్యయన సెలవు, ఎఫ్.ఆర్. 84, ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల, అధికార భాష, ఎం.ఏ. తెలుగు.

కంపెనీ కాలం

ఉద్యోగికి జీతమిచ్చి చదివించడం స్వతంత్ర భారతదేశంలో పుట్టిన ఆలోచన కాదు. మద్రాసులో 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల ఇందుకు మనకు బాగా దగ్గరి ఉదాహరణ. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన యువ సివిలియన్లు అక్కడ దక్షిణాది భాషలు నేర్చుకొని, పరీక్షలు నెగ్గి జిల్లాలకు వెళ్ళేవారు. చదువుకునే కాలంలో వారికి నెలనెలా భత్యం ముట్టేది. 1817లో వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొని 1820లో కడపకు వెళ్ళాడు. అంతకుముందే, 1816లో, ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది. తెలుగు సంస్కృతజన్యం కాదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ నిరూపించింది దాని పీఠికలోనే. కంపెనీకి కావలసింది శిస్తు వసూలు, కచేరీ వ్యవహారం. అందులో సందేహం లేదు. అయినా భాషాధ్యయనం ఉద్యోగధర్మంలో భాగమని అది గుర్తించింది. ఆ ఖర్చుకు దక్కిన ఫలం శిస్తు లెక్కలను మించిపోయింది.

1922: ఆరు శాఖలు

1922 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఫండమెంటల్ రూల్సులో 84వ నిబంధన అధ్యయన సెలవుకు మూలం. శాస్త్రీయ, సాంకేతిక, తత్సమాన సమస్యల పరిశీలనకు, ప్రత్యేక శిక్షణకు ఈ సెలవు ఉద్దేశించారు. దీని అనుబంధ నియమాలు ప్రజారోగ్యం - వైద్య పరిశోధన, పశువైద్యం, వ్యవసాయం, విద్య, ప్రజాపనులు, అటవీ శాఖలను పేర్కొన్నాయి. సాధారణంగా ఐదేళ్ళ సర్వీసు ఉండాలి. ఒక విడతకు పన్నెండు నెలలు తగిన గరిష్ఠ పరిమితి. మొత్తం ఉద్యోగకాలంలో రెండేళ్ళకు మించరాదు. సెలవు కాలంలో సగం వేతనం. విద్యాశాఖ ఈ జాబితాలో ఉన్నా, విద్యాశాఖలోని భాషోపాధ్యాయుడి విషయం ‘శాస్త్రీయ, సాంకేతిక’ అన్న మాటల్లో ఇమడదు. కంపెనీ కాలంలో ప్రధానమైన భాష ఇక్కడ ప్రస్తావనకే రాలేదు.

1972: స్పష్టమైన నిషేధం

అప్రస్తావంగా ఉన్నది కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1972 సెలవు నిబంధనల్లో నిషేధంగా మారింది. 50వ నిబంధన ప్రకారం, అధ్యయన విషయం ‘అకడమిక్ లేదా సాహిత్య’ విషయం కాకూడదు. విచిత్రమేమంటే, విధులతో నేరుగా సంబంధం లేకపోయినా ఉద్యోగి మనస్సును విశాలపరిచే చదువుకు సెలవు ఇవ్వవచ్చునని అదే నిబంధన అంటుంది. మనస్సును విశాలపరిచేది సాహిత్యం కాక మరేమిటని తెలుగు అధ్యాపకుడు అడగడం సహజం. నిబంధనకర్తల దృష్టిలో ఉన్నది ఇతర ప్రభుత్వ శాఖలతో కలిసి పనిచేయగల సామర్థ్యం.

ఇక్కడ వేతనం విషయంలో ఔదార్యం పెరిగింది. దేశంలోనే చదివితే పూర్తి జీతం. వేరే ఉపకార వేతనం అందితే దానిని సర్దుబాటు చేస్తారు, అయితే అర్ధవేతన సెలవు జీతం కన్నా తగ్గించరు. ఫీజు మాత్రం సాధారణంగా ఉద్యోగే భరించాలి. తిరిగి వచ్చాక మూడేళ్ళలోపు రాజీనామా చేస్తే సొమ్ము తిరిగి చెల్లించాలి. సాధారణ పరిమితి 24 నెలలు కాగా, స్నాతకోత్తర అర్హత కోసం కేంద్ర ఆరోగ్య సేవ వైద్యులకు 36 నెలలు. వైద్యుడి ఎం.డి.కి ఖజానా డబ్బు పెట్టడాన్ని ఎవరూ తప్పుపట్టరు. ప్రజాధనం ఖర్చు చేసేటప్పుడు ప్రజాప్రయోజనం అడగడమూ న్యాయమే. సాహిత్యానికి ఆ ప్రయోజనం లేదని, దరఖాస్తును చూడకముందే, నిర్ణయించడంతోనే పేచీ. సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షలో తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా ఎంచుకొని రెండు పత్రాలకు 500 మార్కుల పరీక్ష రాయవచ్చు. కొలువులోకి వచ్చిన తర్వాత అదే విషయం సెలవుకు అనర్హం.

తెలుగు నేల

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. పాలన తెలుగులో సాగాలంటే ఉత్తర్వులు రాసే చేతికి భాష పట్టుబడాలి. అయినా ఉద్యోగి తెలుగు ఎం.ఏ. చదవడానికి చాలావరకు సొంత ఖర్చే దిక్కయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్య, 1982లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) వంటివి ఆ ఖాళీని పూరించాయి. పగలు బడి, రాత్రి పుస్తకం, ఆదివారం కాంటాక్టు తరగతి: భాషా పండితులెందరో ఎం.ఏ. చేసింది ఇలాగే. వారి పట్టాల వల్ల బడికీ జూనియర్ కళాశాలకూ లాభం కలిగింది. అందులో ప్రభుత్వం పెట్టిన పెట్టుబడి స్వల్పం. కళాశాల అధ్యాపకులకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఉపాధ్యాయ ఫెలోషిప్పులు ఇచ్చినా, అవి ఎం.ఫిల్., పిహెచ్.డి.లకే.

కైఫీయతులు, పాత దస్తావేజులు చదవవలసిన అభిలేఖాగార ఉద్యోగికి, శాసనాలు పరిష్కరించే పురావస్తు ఉద్యోగికి, అనువాద విభాగంలోని ఉద్యోగికి తెలుగు ఎం.ఏ. నేరుగా విధులకు సంబంధించిన చదువే. రాష్ట్ర ఉద్యోగుల సర్వీసు నిబంధనలను రాజ్యాంగం 309వ అధికరణం కింద రాష్ట్రాలే సవరించుకోగలవు. ఎఫ్.ఆర్. 84లోని ‘తత్సమాన’ అన్న మాటకు ఈ ముగ్గురినీ ఉదాహరిస్తూ ఒక వివరణ చేర్చడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.