అనిర్దశ శిశువు: సూతికాగృహంలో తొలి దినాలు

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్సు రద్దీకి కూతవేటు దూరంలోని అపార్ట్‌మెంట్లకు నేడు బాలింత ప్రసవమైన రెండు మూడు దినాలకే, శస్త్రచికిత్స జరిగితే మరి కొన్ని దినాలకు, బిడ్డతో పుట్టింటికి చేరుతుంది. గుమ్మంలో ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తారు. అమ్మమ్మ అప్పటికే ఒక గదిని ఖాళీ చేయించి కుంపటి, సాంబ్రాణి, ఆముదం సిద్ధపరచి ఉంటుంది. పదకొండవ నాటి పురుడు అయ్యేవరకు ఎవరూ రావద్దని బంధువులకు ఫోనులో చెబుతుంది. కారణమడిగితే "మైల" అంటుంది. ఆ ఒక్క మాటలో రెండు భిన్నభావాల చరిత్ర కలిసిపోయింది. ఒకటి అశౌచం, రెండవది రక్ష.

ఈ పేట ఏ నగరం పేరును ధరించిందో, ఆ పురాణద్వారకలోనే నవజాత శిశువును గురించిన అత్యంత భయంకరమైన కథ ఒకటి జరిగింది. రుక్మిణీదేవికి జన్మించిన ప్రద్యుమ్నుని శంబరాసురుడు సూతికాగృహం నుండి అపహరించి సముద్రంలో పడవేశాడు. చేప మ్రింగింది, జాలరులు పట్టారు, ఆ చేప శంబరుని వంటశాలకే చేరింది, మాయావతి ఆ శిశువును పెంచింది. ఈ కథను చెప్పిన గ్రంథాలు అపహరణదినం విషయంలో ఏకీభవించవు. విష్ణుపురాణం ఆరవ నాడంటుంది. హరివంశం ఏడు రాత్రులు నిండిన అర్ధరాత్రి అంటుంది. భాగవత దశమస్కంధం దినసంఖ్య చెప్పక, శిశువుకు "అనిర్దశ" అనే విశేషణం వాడుతుంది. పది దినాలు ఇంకా గడవనివాడని దాని అర్థం. లెక్కలు వేరైనా భయం ఒక్కటే. సాక్షాత్తు శ్రీకృష్ణుని గృహంలో, ఇంతమంది పరిచారికల నడుమ కూడ, ఆ తొలి దినాలలో శిశువు దక్కకపోవచ్చును.

ఆరు, ఏడు అనే సంఖ్యలు కేవలం కవికల్పనలని త్రోసివేయడానికి వీలులేదు. నవజాత శిశువులకు వచ్చే ధనుర్వాతం సాధారణంగా మూడవ నాటికీ పదునాలుగవ నాటికీ మధ్య బయటపడుతుంది. మొదటి రెండు దినాలు చక్కగా పాలు త్రాగిన బిడ్డ హఠాత్తుగా నోరు తెరవలేదు, చన్ను పట్టలేదు, దేహం విల్లువలె వంగుతుంది. అశుద్ధమైన కత్తి వలన, బొడ్డుపై అద్దిన పేడ వంటి పదార్థాల వలన ఆ వ్యాధి బీజం లోనికి ప్రవేశిస్తుంది. అనేక దేశాల ప్రజలు దీనిని ఏడవ నాటి జబ్బు, ఎనిమిదవ నాటి జబ్బు అని పిలిచారు. కారణం తెలియని కాలంలో తల్లి కన్నులకు అది అపహరణమే. ఆరవ రాత్రి షష్ఠీదేవిని పూజించి జాగరణ చేసే ఆచారం ఈ భయం నుండే బలపడి ఉండవచ్చును. కాశ్యపసంహితలో షష్ఠికి ప్రముఖస్థానం ఉంది. ఏడవ శతాబ్దంలో బాణభట్టు కాదంబరిలో చంద్రాపీడుని జననఘట్టాన షష్ఠీజాగరణను, పిమ్మట దశమదినాన నామకరణాన్ని వర్ణించాడు.

తెలుగునాట అనేక వైదిక కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రంలో ఈ పది దినాల విధి సంక్షిప్తంగా, కాని సుస్పష్టంగా ఉంది. శిశువు తలవైపు జలకుంభం ఉంచాలి. సూతికాగృహంలో అగ్ని నిలపాలి. లోనికి వచ్చే ప్రతివారూ ఆవాలు, బియ్యపు తవుడు మౌనంగా ఆ అగ్నిలో వేయాలి. పది దినాలు గడిచేవరకు ఇది సాగాలి. ఇక్కడ ప్రవేశం సంపూర్ణంగా నిషిద్ధం కాదు, నియమబద్ధం. వచ్చేవారు అగ్ని యెదుట ఒక్క క్షణం ఆగి రావాలి. నేటి కుంపటి, అందులోని సాంబ్రాణి ధూమం ఆ సూత్రానికి దూరపు బంధువులే.

చరకాచార్యుడు శారీరస్థానంలో ఇంకొంత విస్తరించాడు. బొడ్డుత్రాడును నాభి నుండి ఎనిమిది అంగుళాల దూరాన, బంగారు, వెండి లేదా ఇనుప శస్త్రాలలో పదునైన ఒకదానితో ఛేదించాలి. సరిగా ఛేదించకపోతే వచ్చే నాభిరోగాలను పేరుపేరునా చెప్పాడు. గృహం చుట్టూ ఖదిరాది వృక్షాల కొమ్మలు కట్టాలి, ఆవాలు, నూకలు చల్లాలి, గుమ్మాన రోకలి అడ్డంగా ఉంచాలి. అన్నిటికంటె ముఖ్యంగా, బాలింత యందు స్నేహం గల స్త్రీలు పది లేదా పన్నెండు దినాలు ఆమె చెంత మేలుకొని ఉండాలి. ఈ వాక్యంలో అశౌచం ప్రసక్తి లేదు. ఉన్నది తోడు.

అశౌచశాస్త్రం మరొక ధార. అది ప్రధానంగా కర్మాధికారాన్ని గూర్చిన విచారణ. మనుస్మృతి సూతకం తల్లికే అనీ, తండ్రి స్నానమాత్రాన శుద్ధుడనీ ఒక మతాన్ని చెబుతుంది. దీనివలన బాలింతకు వంటింటి చాకిరి తప్పి విశ్రాంతి దొరికిన మాట నిజం. కాని శాస్త్రంలోని అనధికారం లోకంలో అస్పృశ్యతగా మారినచోట అనర్థం జరిగింది. గాలి వెలుతురు లేని మూలగదిలో, పాత చాపపై, మంత్రసాని తప్ప ఎవరూ తాకని స్థితిలో తల్లీబిడ్డలను ఉంచిన ఇళ్ళున్నాయి. రక్షకై ఏర్పడిన గది బహిష్కారపు గది అయింది. చరకుడు కోరిన స్నేహితురాళ్ళు అక్కడికి రాలేదు.

స్తన్యం విషయంలో ప్రాచీనులలోనే భేదముంది. బృహదారణ్యకోపనిషత్తు చివరి భాగంలో తండ్రి శిశువును ఒడిలోకి తీసుకొని, కుడి చెవిలో వాక్కును ముమ్మారు పలికి, పెరుగు తేనె నెయ్యి బంగారంతో నాకించి, రహస్యనామం పెట్టి, వెంటనే తల్లికి అప్పగించి స్తన్యమిప్పిస్తాడు. చరకుడూ జాతకర్మ కాగానే కుడి స్తనం ఇవ్వమన్నాడు. సుశ్రుతుడు మాత్రం మూడు నాలుగు రాత్రులకు గాని పాలు ప్రవర్తించవని భావించి, అంతవరకు తేనె, నేతులతో గడపమన్నాడు. గ్రామాలలో ముర్రుపాలను పిండి పారబోసే అలవాటుకు ఈ రెండవ మతం తోడ్పడిందో, లేక అలవాటే ఆచార్యుని వాక్యంగా మారిందో నిర్ణయించడం కష్టం. విచిత్రమేమంటే ఆవు ఈనినప్పటి తొలిపాలను జున్నుగా వండి ఇరుగుపొరుగులకు పంచిన ఇంటిలోనే, బిడ్డకు రావలసిన తొలిపాలు నేలపాలయ్యాయి. పుట్టిన గంటలోపు స్తన్యమిమ్మనీ, తేనె వద్దనీ నేటి వైద్యులు చెబుతారు. మొదటి మాటలో వారు ఉపనిషత్తుకు సమీపంగా ఉన్నారు, రెండవ మాటలో దూరంగా ఉన్నారు. ఏడాది నిండని శిశువుకు తేనె వలన విషవాతం కలుగవచ్చునని తెలిసిన తరువాత ఆ దూరాన్ని తగ్గించాలనుకోవడం మౌఢ్యమే.

1923లో విశాఖలో వైద్యకళాశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి వచ్చిన తరువాత ఒక్కొక్క తరానికీ ప్రసవం ఇల్లు విడిచి ఆసుపత్రికి తరలింది. బొడ్డు కోయక ముందే జరగవలసిన జాతకర్మ పదకొండవ నాటి నామకరణంతో కలిసి తంతుగా మిగిలింది. ఆ నష్టానికి ప్రతిఫలం చిన్నది కాదు. 2015లో భారతదేశం నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. అయినా ప్రపంచంలో నవజాత శిశుమరణాలలో సుమారు మూడు వంతులు నేటికీ మొదటి వారంలోనే సంభవిస్తున్నాయి. శంబరుడు పూర్తిగా నిష్క్రమించలేదు.

భాగవతంలో ఈ కథ ముగిసేచోట, యౌవనవంతుడై తిరిగివచ్చిన ప్రద్యుమ్నుని రుక్మిణి ఇంకా గుర్తించకముందే ఆమె స్తనాలు చేపుతాయి. సూతికాగృహం నుండి పోయిన తన బిడ్డ బ్రతికి ఉంటే ఈ వయస్సువాడే అయి ఉండునని ఆమె తలపోస్తుంది. రాజభవనంలో ఇన్ని సంవత్సరాలు గడిచినా ఆ వారం ఆమెకు ముగియలేదు.

ద్వారకా నగర్ గదిలో ఇప్పుడు మేలుకొని ఉండేది తరచుగా అమ్మమ్మ ఒక్కతే. రాత్రి రెండు గంటలకు బిడ్డ పసుపుపచ్చగా కనిపిస్తున్నాడేమోనని దీపం వేసి చూసేది ఆమె. పదవ నాడు తల్లి లేచి స్నానం చేసిన పిమ్మట తల్లిదండ్రులిద్దరూ పేరు పెట్టాలన్నది ఆపస్తంబుని మాట. నేడు పదకొండవ నాడో, ఇరవై యొకటవ నాటి బారసాలకో తండ్రి పళ్ళెంలోని బియ్యంపై ఉంగరంతో ఆ పేరు వ్రాస్తాడు. 1969 నాటి చట్టం జనననమోదుకు ఇచ్చిన గడువూ ఇరవై యొక్క దినాలే. అది యాదృచ్ఛికమే కావచ్చును. బియ్యంలో అక్షరాలు పడేనాటికి అనేకమంది శిశువులు నగరపాలక సంస్థ దస్త్రంలో పేరు లేకుండానే నమోదై ఉంటారు.