జ్ఞానదంతం ఎందుకు ఇరుక్కుంటది? మన దవడలో దాగిన తిండి చరిత్ర



నాది కోహీర్ మండలంలో ఒక తండా. హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఈసారి రాసేది ఒక పన్ను గురించి. పంటికీ చరిత్రకూ ఏం సంబంధం అనుకోకండి, చివరిదాకా చదవండి.

మన వయసే దీని వయసు. 17 నుంచి 25 ఏళ్ల మధ్య, దవడ చివర్న అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చే పన్ను జ్ఞానదంతం. జహీరాబాద్ దిక్కు ఉర్దూలో అకల్ దాడ్ అంటరు. బుద్ధి వచ్చే వయసులో వస్తదని ఆ పేరు. కొందరికి నిటారుగా వస్తది, వచ్చినట్టే తెలియదు. కొందరికి చోటు సరిపోక ఎముకలోనో చిగురు కిందనో ఇరుక్కుంటది. ప్రపంచమంతా జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే ప్రతి 100 మందిలో దాదాపు 24 మందికి ఒక్క జ్ఞానదంతమైనా ఇట్ల ఇరుక్కుంటున్నది. ఎక్కువగా కింది దవడలోనే. ఇంకో దాదాపు 23 మందికి నాలుగింటిలో ఒక్కటైనా అసలు పుట్టదు.

ఎందుకిట్ల? ఇక్కడే చరిత్ర మొదలైతది.

1871లో చార్లెస్ డార్విన్ 'ది డిసెంట్ ఆఫ్ మాన్' అనే పుస్తకం రాసిండు. అందులో, ఎక్కువ నాగరికమైన జాతుల్లో జ్ఞానదంతాలు క్రమంగా పనికిరాకుండా పోతున్నట్టున్నయని అన్నడు. దానికి కారణం కూడా తన ఊహగా చెప్పిండు: నాగరికులు మెత్తగా ఉడికిన తిండి తింటరు, అందుకే దవడ పొట్టిదైతున్నదని. అమెరికాలో దవడ సరిగా ఎదగక పిల్లల పళ్లు కొన్ని పీకేయడం మామూలైందని కూడా రాసిండు.

అదే 1871లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. పుట్టుకతోనే కొన్ని జాతులు నేరస్తులని రాసిన చట్టం అది. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసి దక్కన్ సైన్యాలకు తిండి అందించిన బంజారాలను కూడా కొన్ని ప్రాంతాల్లో దాని కిందికి తెచ్చిన్రు. తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కొలత పరికరాలు పట్టుకొని దక్షిణాది జాతుల తలలు, ముక్కులు కొలిచిండు. 1909లో 7 సంపుటాలు అచ్చయినయి. ఆ కాలంలో పెద్ద దవడ, బలమైన పళ్లు 'వెనుకబడిన జాతి' గుర్తులని చాలామంది పండితులు నమ్మేది. పొట్టి దవడ నాగరికత గుర్తు అన్నమాట.

అంటే డార్విన్ మాటలో రెండు ముక్కలున్నయి. ఒకటి జాతి, రెండోది తిండి. తర్వాతి పరిశోధన ఏ ముక్క దిక్కు నిలబడ్డది?

2011లో నోరీన్ ఫాన్ క్రామన్ టాబెల్ అనే శాస్త్రవేత్త ప్రపంచంలోని 11 సమూహాల పుర్రెలు పోల్చి చూసింది. కింది దవడ ఆకారం ఆ జనం వేటాడి, ఏరుకొని తిన్నరా, వ్యవసాయం చేసి తిన్నరా అన్నదాన్ని చూపిస్తున్నదని తేల్చింది. వేట, సేకరణ జనానికి దవడ పొడుగు. వ్యవసాయ జనానికి పొట్టి, వెడల్పు. 2015లో ఇంకో బృందం పశ్చిమాసియా, యూరప్‌లలో తవ్వకాల్లో దొరికిన 292 అస్థిపంజరాలను కొలిచింది. వేటగాళ్లలో పళ్లకూ దవడకూ లెక్క కుదిరింది. తొలి రైతుల్లో ఆ లెక్క తప్పింది.

ఇది తాత ముత్తాతల నుంచి వచ్చేది మాత్రమే కాదు, ఒక్క తరంలో కూడా కనిపిస్తది. 2004లో డేనియల్ లీబర్‌మన్ బృందం హైరాక్స్ అనే చిన్న జంతువులను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు వండిన మెత్తని తిండి, ఇంకో గుంపుకు పచ్చిది, ఎండినది. మెత్తనిది తిన్నవాటి ముఖంలో కింది, వెనుక భాగాలు దాదాపు 10 శాతం తక్కువ ఎదిగినయి. మన దేశంలోనే 1980ల మొదట్లో రాబర్ట్ కొరుచ్చిని బృందం చండీగఢ్ చుట్టుపక్కల పంజాబీ యువకుల పళ్లు పరీక్షించింది. గట్టి తిండి తినే పల్లె పిల్లలకన్నా పట్నం పిల్లల పళ్ల వరుసలోనే తేడాలు ఎక్కువ. అదే జాతి, అదే ప్రాంతం. తేడా కంచంలో ఉన్నది.

ఇప్పుడు కోహీర్‌కు వద్దాం.

ఎర్ర నేల, వాన మీద బతికే పంట. మన పెద్దోళ్ల కంచంలో జొన్న రొట్టె, తండాల్లో బాటి. వేడి మీద మెత్తగానే ఉంటది, చల్లారితే కడక్ రొట్టె అయితది. గట్క, అంబలి మెత్తనివే. కానీ పక్కన కాల్చిన మక్క కంకి, పల్లీలు, ఒట్టి తునకలు, చేన్ల నుంచి తెచ్చిన చెరుకు ఉండేది. చెరుకు తొక్క పళ్లతోనే చీల్చేది.

ఇంకో సంగతి ఇసుర్రాయి. రాతి మీద విసిరిన పిండిలో సన్నని రాతిపొడి కలుస్తది. అది ఏండ్లకేండ్లు పళ్లను అరగదీస్తది. పైభాగమే కాదు, పన్నుకూ పన్నుకూ మధ్య కూడా అరుగుతది. అట్ల అరిగినప్పుడు పళ్లు కొద్దికొద్దిగా ముందుకు జరిగి వెనుక చోటు మిగులుతది. ఆస్ట్రేలియా దంతవైద్యుడు పి.ఆర్. బెగ్ అక్కడి ఆదివాసుల పళ్లు చూసి 1954లో చెప్పింది ఇదే. గిర్నీ వచ్చింది, ఇసుర్రాయి మూలకు పడ్డది. ఆడవాళ్ల రెక్కల కష్టం తగ్గింది, అది మంచిదే.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 2 రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. ఆ బియ్యాన్ని నేను తిట్టను. ఆకలి తెలిసిన ఇండ్లకు అది బువ్వ. కానీ దాంతోపాటు జొన్న వెనక్కి పోయింది. అదే 1983లో మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. తర్వాత దాని మహిళా సంఘాలు, ఎక్కువగా దళిత అక్కలు, జొన్నలతోనే ఊరి రేషన్ నడిపి చూపించిన్రు. 2015 జనవరి నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం వచ్చింది. అంటే మన తరం ఎదిగిందే అన్నం, పప్పుచారు, ఉప్మా మీద. దవడ ఎముక ఎదిగేది చిన్నతనంలో. జ్ఞానదంతం లోపల తయారయ్యేది కూడా దాదాపు 8–10 ఏళ్ల వయసు నుంచే.

తిండి ఒక్కటే కారణం అనడం కూడా తప్పే. డాక్టర్లు చూసే కారణాలు ఇవి:

1. రెండో దవడ పన్ను వెనుక చోటు తక్కువ ఉండటం. ఇదే పెద్ద కారణం.
2. వంశం. దవడ సైజు, పళ్ల సైజు విడివిడిగా వారసత్వంగా రావచ్చు. చిన్న దవడ, పెద్ద పళ్లు కలిస్తే ఇబ్బంది.
3. పన్ను లోపల వంకరగా, అడ్డంగా తయారవడం.
4. పళ్లు అరగకపోవడం, దవడ పొడవు పెరగకపోవడం.
5. దారిలో నీటితిత్తి లాంటి అడ్డం ఉండటం.

ఎక్కువ చదవడం, వేపపుల్లతో తోముకోవడం కారణాలు కావు. ఏ తెగలో పుట్టినమన్నది కూడా కాదు.

ఇరుక్కున్న ప్రతి పన్నూ పీకాల్సిన పని లేదు. కానీ సగం బయటకొచ్చిన పన్ను మీది చిగురు కింద మెతుకులు చేరి చీము పడుతది. హాస్టల్‌లో మనం ఏం చేస్తం? పరీక్షలున్నయని గోలీ మింగి ఊకుంటం. కొందరు నొప్పికి పొగాకు పెడుతరు. దయచేసి వద్దు. గుట్కా, వక్క అలవాటైతే నోరే సరిగా తెరుచుకోని జబ్బు వస్తది. అప్పుడు ఈ పన్ను తీయడం ఇంకా కష్టం. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి, పంటి డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించుకోండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నది. జ్వరం, గొంతు కింద వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, దగ్గర్లోని పెద్దాసుపత్రికి పోవాలె. విషం గొంతులోకి దిగితే ప్రాణం మీదికొస్తది.

ఒకప్పుడు మన దవడ చూసి మనల్ని తక్కువ జాతి అన్నరు. నిజానికి ఆ దవడ చెప్పింది మనం ఏం నమిలినమో, అంతే. తండాకు పోయినప్పుడు యాడిని, దాదిని అడగండి: చిన్నప్పుడు ఏం తిన్నరు, ఎప్పటిదాకా ఇసిరిన్రు, వెనుక పన్ను నొప్పి లేకుండా వచ్చిందా? వాళ్ల మాటల్లోనే రాసుకొచ్చి గ్రూపులో పెట్టండి. ఇంట్ల చిన్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఉంటే వాళ్లకు రొట్టె, చెరుకు, కాల్చిన కంకి అందించండి. వాళ్ల దవడ ఇంకా ఎదుగుతనే ఉన్నది.