నుదుటి పూత

తలనొప్పి వచ్చినదనగానే ఇంటిలో ఎవరో ఒకరు లేచి అలమారులోని చిన్న సీసాను తెచ్చి యిత్తురు. మూత తీసీ తీయకముందే వాసన గది నిండును. మాత్ర మింగుటకు వెనుదీయువారు కూడ ఈ పూతను అనుమానింపరు. అది మందు కాదు, ప్రకృతి యిచ్చిన వస్తువు, పూర్వులనుండి వచ్చినది అని వారి నమ్మకము. ఆ నమ్మకములో చరిత్ర ఎంత కలదో తెలియవలెనన్నచో, సీసాలోని ద్రవ్యములను ఒక్కొక్కటిగా బయటికి తీసి చూడవలెను.

పూర్వుల గృహవైద్యము వేరు. శొంఠిని సానపై అరగదీసి నుదుట పట్టు వేసెడివారు. వావిలాకు కాచిన నీళ్ళతో బాలింతకు స్నానము చేయించెడివారు. వాచిన మోకాలికి ఆముదపుటాకును వెచ్చచేసి కట్టెడివారు; పట్టిన నడుమునకు ఉప్పు మూటతో కాపడము పెట్టెడివారు. ఇవన్నియు పెరటిలోనో వంటింటిలోనో దొరకునవి. నొప్పి పూతలలో సాధారణముగా చేరు కర్పూరము, నీలగిరి తైలము, గంధపుర తైలము, పుదీనా పువ్వు అట్టివి కావు. ఇవి చాల దూరము ప్రయాణము చేసి మన నుదుటికి చేరినవి.

కర్పూరము సంగతి చూడుడు. హారతి పళ్ళెములో ఇంతగా కుదురుకొన్న వస్తువు పరదేశపుదని ఎవరికిని తోచదు. క్రీ. శ. 1244-45లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయశాసనము వేయించెను. ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన వర్తకుల సొత్తును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనెడివారనియు, తాను న్యాయమైన సుంకము తప్ప వేరేమియు గొననియు అందు చెప్పించెను. ఆ సుంకముల పట్టికలో చందనము, ముత్యములు, పట్టు, మిరియములతోబాటు కర్పూరము కలదు. చీనా కర్పూరము వేరుగా చెప్పబడినది. సుమత్రా, బోర్నియో దీవుల చెట్టుది ఒక జాతి, చీనా చెట్టుది మరియొక జాతి. నువ్వులనూనెలో కర్పూరము కరగించి మనుమని రొమ్మునకు రాయు అవ్వ చేతిలో సముద్రవర్తకము ఇంత ఉన్నది. నేడు మనకు దొరకు కర్పూరములో అధికభాగము దేవదారు జాతి చెట్ల టర్పెంటైను నుండి కర్మాగారములలో తయారగుచున్నది.

నీలగిరి తైలమునకు పేరు మనది, పుట్టుక ఆస్ట్రేలియాది. 1843లో ఒక ఇంగ్లీషు సైనికోద్యోగి యూకలిప్టస్ మొక్కలను నీలగిరులలో నాటించెను. కారణము వైద్యము కాదు, వంటచెఱకు! చలి కొండలపై కాపురమున్న దొరలకు పొయ్యిలోనికి కట్టెలు కావలసివచ్చెను. ఆకులనుండి తైలము తీయుట తరువాతి మాట.

గంధపుర తైలము కథ అన్నిటికంటె వింతయైనది. అది ఇంగ్లండులో ఒక పాద్రీ నాలుకతో ముడిపడియున్నది. ఆక్స్‌ఫర్డుషైరులోని చిప్పింగ్ నార్టన్ పట్టణమున ఎడ్వర్డ్ స్టోన్ అను ఆయన ఒకనాడు విల్లో చెట్టు బెరడును కొరికి చూచెను. ఆ చేదు, చలిజ్వరమునకు వాడు సింకోనా బెరడు చేదును తలపించెను. సింకోనా దూరదేశపుది, ఖరీదైనది; విల్లో యేటి ఒడ్డున ఉచితముగా దొరకునది. చలిజ్వరము పుట్టు చెమ్మనేలలోనే దాని మందును మొలచునని నాటివారి ఊహ. ఊహ తప్పే కాని అది చేయించిన పని మంచిది. స్టోన్ బెరడును రొట్టెలపొయ్యి వెలుపలి గోడకు మూడు నెలలకు పైగా ఎండబెట్టి, పొడిచేసి, సుమారు 50 మంది రోగులకు ఇచ్చి, ఎవరికి గుణమిచ్చెనో ఎవరికి ఇయ్యలేదో చూచి, 1763లో రాయల్ సొసైటీకి ఉత్తరము వ్రాసెను. ఆయన బెరడును స్తోత్రము చేయక రోగులను లెక్కించుట నాకు మెచ్చదగినదిగా తోచును. మన ఊళ్ళలో వావిలాకుకు అట్టి లెక్క పెట్టిన పాద్రీ గాని శాస్త్రిగారు గాని ఉండినచో ఎంత బాగుండెడిది!

1828లో మ్యూనిక్ నగరమున బుక్నర్ ఆ బెరడునుండి సాలిసిన్ అను చేదు పదార్థమును వేరుచేసెను. దానినుండి పుట్టిన సాలిసిలిక్ ఆమ్లము నొప్పిని తగ్గించెను గాని కడుపును మండించెను. ఆ మంటను తగ్గింపగోరి 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీవారు దానిని కొంత మార్చిరి. 1899లో అది ఆస్పిరిన్ పేర బజారునకు వచ్చెను. నీలగిరులపై కూడ మొలచు ఒక పొద ఆకులనుండి తీయు గంధపుర తైలములో ముఖ్యద్రవ్యము మిథైల్ సాలిసిలేట్, అనగా ఆ ఆమ్లమునకు దగ్గరి చుట్టము. కాబట్టి మాత్ర వలదని పూత రాసికొనువారు ఒక యింటి ముందు తలుపు విడిచి పెరటి తలుపున ప్రవేశించుచున్నారు.

ఇట్టి పూతను తెలుగువారి ఇంటింటికి చేర్చినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. కృష్ణాజిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించి, మద్రాసులో పట్టము పొంది, వ్యాపారము నేర్చుటకు బొంబాయి చేరి, 1893లో అక్కడ అమృతాంజనము నెలకొల్పిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచెడివారని చెప్పుకొందురు. అంజనము కంటికి పెట్టునది గదా, నుదుటిపూతకు ఆ పేరేమని పండితులు అడుగవచ్చును. తలనొప్పి గలవారు అడుగలేదు. ఆ లాభములు మేడలకు పోలేదు. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో మద్రాసులో దినపత్రిక యయ్యెను. 1924లో భారతి వచ్చెను. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో ఒడంబడిక చేసికొన్నది పంతులుగారి శ్రీబాగ్ భవనముననే. మరుసటి యేడు ఆయన కీర్తిశేషులైరి. హైదరాబాదున 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీగారు ఆరంభించిన జిందా తిలిస్మాత్ కూడ ఈ కుటుంబమునకు చెందినదే. దానిలో నీలగిరి తైలమునకు పెద్దపీట.

ఇక పుదీనా పువ్వు. రాసికొన్నంతనే చల్లనగును, చర్మముపై ఉష్ణమాపకము పెట్టినచో వేడిమి అంతగా తగ్గినట్లు కనబడదు. చలిని కనిపెట్టు నరపు గ్రాహకమును అది నేరుగా తట్టునని 2002లో తెలిసెను. మిరపకాయ మంటను పట్టు గ్రాహకము 1997లోనే దొరకెను. ఈ పరిశోధనలకు డేవిడ్ జూలియస్, స్పర్శను గూర్చి పరిశోధించిన ఆర్డెమ్ పటపూటియన్ 2021లో నోబెల్ బహుమానము పంచుకొనిరి. పూత నొప్పి కారణమును తొలగింపదు. నరమునకు వేరొక మాట చెప్పి దృష్టి మరల్చును. ఆ కాసేపటి ఉపశమనము మాత్రము నిజమైనదే.

ప్రకృతిసిద్ధమైనది గనుక హాని చేయదనుట వేరు సంగతి. కేవల గంధపుర తైలము ఒక చిన్న చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్లు, 20కి పైగా ఆస్పిరిన్ మాత్రలతో సమానము. పసిబిడ్డ మింగినచో ప్రాణాపాయము. కర్పూరము కడుపులోనికి పోయిన పిల్లలకు మూర్ఛలు వచ్చును. పూత సీసాపై పైపూతకు మాత్రమేనని చిన్న అక్షరములతో అచ్చువేయుట అందుకే.