ఓటు కంటే ముందు వచ్చిన జెండా: హైదరాబాద్, జమైకాల రాజకీయ పరిణామంపై ఒక పరిశీలన

1908 మూసీ వరద వేళ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా, ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహాపై అమ్మవారికి మొక్కి, పసుపు కుంకుమలు సమర్పించాడని హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజాలో చెప్పుకుంటారు. అందులో చరిత్ర ఎంతో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. పాలకుణ్ణి ప్రజలు ఏ రూపంలో గుర్తుపెట్టుకున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. ఆపదలో కరుణించే ప్రభువుగా గుర్తుపెట్టుకున్నారు. ఆ ప్రభువును నిలదీసే హక్కు మాత్రం వారికి లేదు.

హైదరాబాద్ చట్టరీత్యా వలస కాదు. అయినా 1798, 1800 ఒప్పందాలతో రక్షణ, విదేశీ వ్యవహారాలు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. సైన్యం ఖర్చు కింద దత్తమండలాలు పోయాయి. 1853లో బేరార్ పాలన చేజారింది, 1902లో అది శాశ్వత కౌలు అయింది. బేరార్ తిరిగి ఇమ్మన్న ఏడో నిజాంకు, బ్రిటిష్ సార్వభౌమత్వం ముందు ఏ సంస్థానాధీశుడూ సమానుడు కాడని 1926లో వైస్రాయ్ రీడింగ్ జవాబిచ్చాడు. పైన బ్రిటిష్ అధికారం, కింద నిజాం అధికారం: 1941 లెక్కల ప్రకారం కోటీ అరవై లక్షలు దాటిన ప్రజలు ఈ రెండింటి కింద బతికారు.

జమైకా దారి వేరు: అక్కడ జెండా కంటే ముందు ఓటు వచ్చింది. 1655 నుంచి ఇంగ్లండ్ చేతిలో ఉన్న ఆ దీవిలో 1938లో చెరకు తోటల కూలీలు, రేవు కార్మికులు తిరగబడ్డారు. నార్మన్ మాన్లీ నాయకత్వంలో పీపుల్స్ నేషనల్ పార్టీ ఆ ఏడాదే పుట్టింది. 1944లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. వెస్టిండీస్ సమాఖ్యలో ఉండాలా వద్దా అన్నదీ 1961లో జనమే ఓటుతో తేల్చారు. స్వాతంత్ర్యం 1962 ఆగస్టు 6న వచ్చేసరికి, ఓటుతో ప్రతినిధులను ఎన్నుకోవడం పద్ధెనిమిదేళ్లుగా వారికి అలవాటే.

హైదరాబాద్‌లోనూ 1938 మలుపే. స్టేట్ కాంగ్రెస్ పూర్తిగా రూపుదిద్దుకోకముందే నిషేధానికి గురైంది. సత్యాగ్రహులు జైళ్లకు వెళ్లారు. ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడినందుకు చదువు పోగొట్టుకున్నారు. 1939 సంస్కరణలు వృత్తివర్గాల వారీ ప్రాతినిధ్యాన్ని, అరకొర అధికారాల శాసనసభను చూపాయి. సభలకు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 నీడలో, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ పదేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసింది. ఆ ఓపికకు దర్బారు విలువ ఇవ్వలేదు. అన్ని దారులూ మూసిన చోట 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు, తెలంగాణ పల్లెలు ఆయుధం పట్టాయి. నగరంలో నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్లు పెరిగారు. వారిని విమర్శించిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు.

ఒక అవకాశం మిగిలే ఉంది. భారత ప్రభుత్వంతో 1948 జూన్ నాటి ఒప్పంద ముసాయిదాలో ప్రజాభిప్రాయ సేకరణ, బాధ్యతాయుత ప్రభుత్వం రెండూ ఉన్నాయి. నిజాం ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆ దర్బారు చేసిన అతిపెద్ద రాజకీయ తప్పిదం ఇదే. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17న పోరు ఆగింది. ఆ తర్వాతి హింసలో, ముఖ్యంగా మరాఠ్వాడాలో, 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. విమోచన సంతోషం ఎంత నిజమో ఈ దుఃఖమూ అంతే నిజం. ఒకదాన్ని దాచి రెండోదాన్ని రాయడం చరిత్ర రచన అనిపించుకోదు.

మూడేళ్లకు పైగా పాలించింది మొదట సైనిక గవర్నర్ చౌదరి, తర్వాత కేంద్రం నియమించిన వెల్లోడి. నిన్నటి నిజామే 1950 జనవరి 26న రాజప్రముఖ్ అయ్యాడు. ఇక్కడ జెండా ముందు వచ్చింది, ఓటు తర్వాత వచ్చింది: 1952లోనే 175 స్థానాల శాసనసభకు వయోజన ఓటుతో ఎన్నికలు జరిగాయి, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీచేసి ప్రధాన ప్రతిపక్షమయ్యారు. లాల్‌దర్వాజాను ఆనుకొని ఉన్న శాలిబండ నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచింది మాసూమా బేగం. నాలుగేళ్ల కిందట సైన్యం నడిచిన నగరంలో ఒక ముస్లిం మహిళ ప్రజల ఓటుతో శాసనసభకు వెళ్లడాన్ని మన పాఠ్యపుస్తకాలు తగినంత పట్టించుకోలేదు.

సెప్టెంబర్ 17 మీద గుట్టలుగా రాశాం. 1952 మీద రాసింది తక్కువ. ఆనాడు 21 ఏళ్లు నిండి తొలి ఓటు వేసినవారు ఇప్పుడు తొంభై దాటారు. పాతబస్తీలో, జిల్లాల్లో వారి మాటలను రికార్డు చేసే పనికి విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు వెంటనే పూనుకోవాలి.